మెదడులా పనిచేసే చిప్‌లపై రీసెర్చ్ చేస్తానంటోంది.. ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి వరంగల్‌లో బీటెక్ ఈసీఈ మూడో ఏడాది చదువుతోంది. మెదడును పోలిన కంప్యూటింగ్, కృత్రిమ చూపు కోసం వాడే రీకాన్ఫిగరబుల్ ట్రాన్సిస్టర్లపై పరిశోధన చేస్తానంటోంది. చేతికొచ్చే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదులుకుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి

జవాబు: మీ అమ్మాయి ఏదో విని మోజుపడిందని అనుకోకండి, ఇది గట్టి సబ్జెక్టు. మామూలు ట్రాన్సిస్టర్‌లో ఎలక్ట్రాన్లు నడవాలా, హోల్స్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు, ఇవి పాజిటివ్ చార్జ్‌లా కదులుతాయి) నడవాలా అన్నది తయారీలోనే ఖాయమైపోతుంది. టంగ్‌స్టన్ డైసెలినైడ్ లాంటి పలచటి పదార్థంలో గేట్ (కరెంట్‌ను అదుపు చేసే మీట లాంటి భాగం) వోల్టేజ్ మార్చి ఏది కావాలంటే అది నడిపించవచ్చు. రీకాన్ఫిగరబుల్ అంటే ఇదే. 2020లో వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు దీంతోనే 9 పిక్సెళ్ల సెన్సర్ చేశారు. ఒక్కో పిక్సెల్‌లో 3 ఫొటోడయోడ్లు (వెలుగును కరెంట్‌గా మార్చేవి), ఒక్కో డయోడ్‌కు రెండు గేట్లు. వెలుగు పడితే ఎంత కరెంట్ రావాలి, ఏ దిశలో రావాలి అన్నది ఆ గేట్ల వోల్టేజీలే నిర్ణయిస్తాయి. మెదడును పోలిన ప్రోగ్రామ్ అయిన న్యూరల్ నెట్‌వర్క్‌లో, ఏ ఇన్‌పుట్‌కు ఎంత ప్రాధాన్యమో చెప్పే అంకెను ‘వెయిట్’ అంటారు. ఆ అంకె చేసే పని ఇదే. ఫొటోను ప్రాసెసర్‌కు పంపే అవసరం లేకుండా, చూసిన చోటే గుర్తుపట్టడం జరిగిపోతుంది. ఆ సెన్సర్ సుమారు 50 నానోసెకన్లలో (నానోసెకన్ అంటే సెకనులో వంద కోట్లవ వంతు) అక్షరాలను పోల్చుకుంది.

కానీ అవి 9 పిక్సెళ్లే. అక్కడి నుంచి మార్కెట్‌లో అమ్మే కెమెరా దాకా చాలా దూరం ఉంది కాబట్టి, అచ్చంగా ఈ పేరుతో ఉద్యోగాలు తక్కువ. హైదరాబాద్‌లోని చిప్ కంపెనీల్లో ఎక్కువగా ఉన్నది డిజైన్, వెరిఫికేషన్ పని. డివైజ్ తయారుచేసే పని వేరు. ఈ తేడా అమ్మాయికి ముందే తెలియాలి.

నా దృష్టిలో అసలు ప్రశ్న జీతం కాదు, ఆ పని ఆమెకు నచ్చుతుందా అన్నది. ఈ రీసెర్చ్‌లో రోజంతా ప్రోబ్ స్టేషన్ ముందు కూర్చుని, మైక్రోస్కోప్‌లో చూస్తూ సన్నని సూదులను డివైజ్ మీద ఆనించి, కరెంట్-వోల్టేజ్ గ్రాఫ్‌లు తీయాలి. చాలా డివైజ్‌లు పనిచేయవు. ఎందుకు పనిచేయలేదో వెతకడంలోనే ఆనందం దొరికేవాళ్లు ఇందులో నిలబడతారు. అందుకే ఈ వేసవిలో ఏదైనా ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ చేయించండి. బయటి కాలేజీల విద్యార్థులకు నానోఫ్యాబ్‌లో (అతి సూక్ష్మ డివైజ్‌లు తయారుచేసే ల్యాబ్) శిక్షణ ఇచ్చే ఐఎన్‌యూపీ (ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రామ్) కార్యక్రమం ఐఐఎస్‌సీ బెంగళూరు, ఐఐటీ బొంబాయిల్లో ఉంది. దానికీ దరఖాస్తు చేయమనండి.

నచ్చితే ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ (GATE)లో ఈసీ (ఎలక్ట్రానిక్స్) పేపర్ రాయాలి. అందులోని ఎలక్ట్రానిక్ డివైసెస్ పాఠాలే ఈ రీసెర్చ్‌కూ పునాది. ఎంటెక్‌లో గేట్ స్కోరుతో చేరితే నెలకు రూ.12,400 స్టైపెండ్, పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) అయితే రూ.37,000 వస్తాయి. సంస్థ పేరు కన్నా గైడ్ ఎవరు, ఆ ల్యాబ్‌లో డివైజ్‌లు నిజంగా తయారవుతున్నాయా అన్నది చూసుకోవాలి.

ఉద్యోగం తలుపు మూసుకోనక్కర్లేదు. మూడో ఏడాది వాళ్లూ గేట్ రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ప్లేస్‌మెంట్ వస్తే చేరి, ఏడాది తర్వాత అదే స్కోరుతో దరఖాస్తు చేసుకోవచ్చు.