సెరొటోనిన్ కంటే ముందు అడగాల్సింది

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఆపకుండా చదివించావు. కానీ "దుఃఖం, ప్రేమ, జ్ఞాపకం అన్నీ మెదడులో జరిగే రసాయన చర్యలే, ఇక సైకాలజీతో పనిలేదు" అన్న చోట ఆగిపోయాను. మెదడు లేకుండా మనసు లేదని నేనూ నమ్ముతాను. అంతమాత్రాన సైకాలజీతో పనిలేదని ఎలా అంటాం?

హెన్రీ మొలైసన్ సంగతి చూడు. 1953లో, అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో, మూర్ఛ తగ్గించాలని విలియమ్ స్కోవిల్ అనే సర్జన్ అతని మెదడులో రెండు వైపులా, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ అనే చోట చాలా భాగం తీసేశాడు. అప్పటికి అతనికి 27 ఏళ్లు. మూర్ఛ తగ్గింది. కానీ కొత్తగా కలిసిన మనిషి కాసేపటికే గుర్తుండేవాడు కాదు. బ్రెండా మిల్నర్ అనే సైకాలజిస్ట్ అతనికి ఒక కాగితం, పెన్సిల్, అద్దం ఇచ్చింది. చేతిని అద్దంలోనే చూసుకుంటూ నక్షత్రం బొమ్మ గీయాలి. అలా మూడు రోజులు చేయించింది. రోజురోజుకూ తప్పులు తగ్గాయి. అతనికి మాత్రం ఆ పని చేసినట్టే గుర్తులేదు!

చేతికి వచ్చిన విద్య వేరు, జరిగింది గుర్తుండటం వేరు అని తేల్చి చూపింది ఆ కాగితాలే. ఆపరేషన్ జరగకపోతే ఆ తేడా అంత స్పష్టంగా బయటపడేది కాదు, నిజమే. 2008లో అతను చనిపోయాక మెదడును 2,401 పలుచటి పొరలుగా కోశారు. ఏ భాగం ఎంత మిగిలిందో అవి చెబుతాయి. నేర్చుకోవడం, మరిచిపోవడం అంటే ఏమిటో ముందే తెలియకపోతే ఆ పొరల్లో దేనికోసం వెతుకుతాం?

అలాగని మనసును మెదడు భాషలో ఎప్పటికీ చెప్పలేమని కూడా రాయకు. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1895లో అలా చెప్పే ప్రయత్నమే చేసి మధ్యలో వదిలేశాడు. అప్పటికి నాడీకణాల గురించి తెలిసింది చాలా తక్కువ. ఇప్పుడు ఎంతో తెలుసు, రేపు ఇంకా తెలుస్తుంది.

ఇంకోటి. "అమిగ్డలా వెలిగింది, అంటే భయపడ్డాడు" అన్న వాక్యం తీసేయ్. సంతోషంలోనూ మెదడులోని ఆ భాగం చురుగ్గా ఉండొచ్చు. స్కాన్ ఒక్కటే చూసి ఫలానా భావం అని చెప్పలేం.

మీ తాతయ్య పోయి ఏడాదైనా ఆయన చెప్పులు నాయనమ్మ గుమ్మం పక్కనే ఉంచుతోందని రాశావు. నాకు గొంతు పట్టేసింది. కానీ ఆ వెంటనే నీ వ్యాసంలో సెరొటోనిన్ అనే మెదడు రసాయనం మాట వచ్చేసింది. ఈ ఆదివారం ఇంటికి వెళ్లినప్పుడు, ఆ చెప్పులు ఎందుకు తీయలేదో నాయనమ్మని అడుగు. ఆమె ఏమంటే అది ఆమె మాటల్లోనే రాసి, నాకు మళ్లీ పంపు.

నీ అన్నయ్య