అభిమాని అంటే అలిగినవాడా?

సందేహం: గురువుగారికి నమస్కారం. మాది బరంపురం. మూడు తరాలుగా ఇక్కడే ఉన్నాం. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. మా అమ్మాయి కాలేజీలో చదువుతోంది. కొరియా పాటల బృందం ఒకటంటే తనకి ప్రాణం. గది గోడలనిండా వాళ్ల బొమ్మలే. మొన్న ఆ బృందంలో ఒకబ్బాయి పుట్టినరోజని స్నేహితురాళ్లంతా కలిసి కేకు కోశారు. మా అమ్మాయి ఒక అట్టమీద ఒడియాలో ‘మేమంతా నీ అభిమానులం’ అని రాసింది. అభిమాని అన్న మాట మాత్రం మనదే పెట్టింది. అది చూసి ఒడియా పిల్లలు పడీ పడీ నవ్వారట, ‘ఎందుకే అలిగారు, కేకు ముక్క చిన్నదిచ్చారనా?’ అని. ఇంటికొచ్చి నన్ను నిలదీసింది. మాట ఒకటే అయినప్పుడు అర్థాలు ఇలా ఎందుకు విడిపోయాయి? తప్పు మనదా, వాళ్లదా? ఏ గొడవా లేకుండా ఫ్యాన్ అనేస్తే పోదా? అప్పుడు ‘ఫ్యాన్స్‌లు’ అనవచ్చా? ఇంకొకటి. వచ్చే నెల కాస్‌ప్లే అట, జపాను కార్టూన్‌లో ఒక పాత్రలాగా తయారై వెళ్తుందట. దానికి తెలుగు మాట ఏమైనా ఉందా?

సమాధానం: ముందు అమ్మాయిని ఓదార్చండి. ఈ దెబ్బ నేనూ తిన్నాను. పర్లాకిమిడిలో ఉద్యోగం చేసేటప్పుడు ఒక ఒడియావారింట్లో అద్దెకుండేవాణ్ణి. ఒకరోజు పొద్దున్నే ఇంటావిడ వచ్చి, దిగులుగా, ‘బొహూ అభిమాన కరిచి’ అంది. బొహూ అంటే కోడలని అప్పటికి తెలుసు. మిగిలినదానికి నా తెలుగు బుర్ర నాకు తోచిన అర్థం చెప్పింది. కోడలికి అత్తగారంటే అభిమానం అన్నమాట! ‘చాలా మంచిది, అలాగే ఉండాలి’ అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి వెళ్లిపోయింది. కోడలు రాత్రి నుంచి అన్నం ముట్టలేదని, కొడుకు సంతకు వెళ్తూ తనతో ఒక మాటైనా చెప్పలేదని అలిగిందని సాయంత్రానికి గానీ తెలియలేదు.

ఇప్పుడు మాట పుట్టుక చూద్దాం. సంస్కృతంలో ‘మన్’ అంటే తలచడం. దానికి ముందు ‘అభి’ చేరింది. ఒకదానివైపు తిరిగి ‘ఇది నేను, ఇది నాది’ అని తలచడం అభిమానం. సాంఖ్యులు, అంటే సాంఖ్య దర్శనం వాళ్లు, అహంకారానికి నిర్వచనమే ‘అభిమానోఽహంకారః’ అని చెప్పారు. భగవద్గీత 16వ అధ్యాయంలో అసుర గుణాలను లెక్కపెట్టేచోట దంభం, దర్పం తర్వాత వచ్చేది అభిమానమే. కొన్ని ప్రతుల్లో అక్కడ ‘అతిమానం’ అని ఉంటుంది. ఏదైనా పొగడ్త మాత్రం కాదు. హిందీవాళ్లు ఆ గర్వం దగ్గరే ఆగిపోయారు. మనం ‘నాది’ అన్నదాన్ని పట్టుకుని ప్రేమవైపు వచ్చాం. ఒడియావాళ్లు, బెంగాలీవాళ్లు అదే ‘నాది’ని పట్టుకుని, నావాళ్లే నన్ను పట్టించుకోకపోతే మనసుకు కలిగే నొప్పి దగ్గరికి వెళ్లారు.

ఒడియాలో అభిమానం పరాయివాళ్లమీద రాదు. మీ వీధి కిరాణాకొట్టువాడు చిల్లర తక్కువిస్తే వచ్చేది కోపం. మీ అన్నయ్య మీ పుట్టినరోజు మర్చిపోతే వచ్చేది అభిమానం. రథయాత్ర మొదలైన ఐదో నాడు, హేరా పంచమికి, తనను గుడిలో వదిలేసి అన్నాచెల్లెళ్లతో తిరగడానికి పోయిన జగన్నాథుణ్ణి వెతుక్కుంటూ లక్ష్మీదేవి వెళ్తుంది. కోపం పట్టలేక స్వామి ఎక్కిన నందిఘోష రథంలోంచి ఒక ముక్క విరిపించి మరీ తిరిగొస్తుంది. చివరికి స్వామి గుడికొస్తే తలుపులు మూసేస్తుంది. రసగుల్లా పెట్టి బతిమాలుకుంటే గానీ లోపలికి రానివ్వదు. ఆ అలకే అభిమానం. ఆ అలక తీర్చడాన్ని ఒడియాలో ‘మానభంజన’ అంటారు. ఈ మాట విన్న మనవాళ్లు ఉలిక్కిపడటం సహజం. మనకు ‘మానభంగం’ అంటే పోలీసు కేసు! సరిహద్దు జిల్లాల్లో ఉన్నవాళ్లు అభిమానం కంటే ముందు ఈ జంటతో జాగ్రత్తగా ఉండాలి.

అసలు తెలుగులో మాత్రం అభిమానం ఒకటే అర్థం ఇస్తుందా? ఈ రెండు వాక్యాలు మీ అమ్మాయితో చదివించండి. ‘ఆమెకు అభిమానం ఎక్కువ.’ ‘ఆమెకు నేనంటే అభిమానం ఎక్కువ.’ మొదటిది ఎవరి దగ్గరా చెయ్యి చాచని మనిషి గురించి. రెండోది ప్రేమ. తేడా అంతా ‘నేనంటే’ అన్న ఒక్క మాటలో ఉంది. ‘అంటే’, ‘మీద’, ‘పట్ల’ లాంటిది తగిలిస్తే అభిమానం ఎదుటివాళ్లవైపు పోతుంది. ఏదీ తగిలించకపోతే మనవైపే తిరిగి పౌరుషం అవుతుంది. ‘అభిమానం చంపుకుని అప్పు అడిగాను’ అన్నప్పుడు చంపుకున్నది ప్రేమను కాదు కదా. ఇంకా దగ్గరికి రండి. ‘అందరి ముందూ నాన్న అంత మాట అనేసరికి పిల్లకు అభిమానం పొడుచుకొచ్చింది, కంచం ముందునుంచి లేచిపోయింది.’ ఇది అచ్చమైన తెలుగు వాక్యమే. అందులో ఉన్నది మీ అమ్మాయి స్నేహితురాళ్లు నవ్విన అర్థమే. ఒడియావాళ్లు ముందుగదిలో పెట్టుకున్న సామాను మనం వెనకగదిలో పెట్టుకున్నాం, అంతే. కాబట్టి తప్పు ఎవరిదీ కాదు. వాడేవాళ్ల నోటిలో ఉన్నదే మాటకు అర్థం. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు జన్మంతా వాదించింది వాడుక కోసమే.

ఒకరిని తెగ ఇష్టపడేవాళ్లకు పక్క భాషలు పెట్టుకున్న పేర్లు చూస్తే నాకు సరదాగా ఉంటుంది. తమిళులు ‘రసిగర్’ అంటారు, అంటే రసికులు. మలయాళంలో ‘ఆరాధకర్’, ఏకంగా పూజ చేసేవాళ్లు. హిందీ, ఒడియా పత్రికలు ‘ప్రశంసక్’, ‘ప్రశంసక’ అని రాస్తాయి, మెచ్చుకునేవాళ్లు. కన్నడిగులూ మనమూ ‘అభిమాని’ అన్నాం. మెచ్చుకోవడం, పూజించడం దూరంగా ఉండి కూడా చెయ్యొచ్చు. అభిమానికి అలా కుదరదు, ‘మా హీరో’, ‘మావాడు’ అనాల్సిందే. మావాడికి అవార్డు వస్తే గర్వం, పాట వస్తే ప్రేమ, మన ఊరు రాకుండా పక్క రాష్ట్రానికి వెళ్లిపోతే అలక. హిందీ, తెలుగు, ఒడియా అర్థాలు మూడూ మీ అమ్మాయి గదిలోనే ఉన్నాయి. నన్నడిగితే ఇంత సరైన మాట ఇంకో భాషలో లేదు. (నా మాట నమ్మొద్దు, ఇది నా భాషాభిమానం.) అయితే ఆ అట్ట ఒడియాలో రాసింది గనక అందులో ‘ప్రశంసక’ అని మార్చుకుంటే చాలు.

ఇక ఫ్యాన్. ఇంగ్లీషులో ‘ఫెనటిక్’ అనే మాటను కత్తిరిస్తే వచ్చిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. 19వ శతాబ్దం చివర అమెరికాలో బేస్‌బాల్ పిచ్చివాళ్లను అలా పిలిచారు. దాని మూలం లాటిన్‌లో ‘ఫానుమ్’, అంటే గుడి. గుడిలో దేవుడు ఒంటిమీదికి వచ్చి ఊగిపోయేవాడు ‘ఫనాటికుస్’. మన కుర్రాళ్లు సినిమా హాల్లో హీరో తెరమీదికి రాగానే ‘పూనకాలొచ్చేశాయి’ అంటారు. లాటిన్ చదవకుండానే సరిగ్గా అక్కడికే చేరారు.

వాడండి, అభ్యంతరం లేదు. కానీ ‘ఫ్యాన్స్‌లు’ వద్దు. ‘స్’తో ఒకసారి బహువచనం అయిపోయింది, మళ్లీ ‘లు’ ఎందుకు? ఇక్కడ తెలుగువాళ్లు ఎవరూ నేర్పకుండానే ఒక ఏర్పాటు చేసుకున్నారు. ‘మా ఇంట్లో నాలుగు ఫ్యాన్లు’ అంటే పైకప్పుకు తిరిగేవి. ‘మా ఇంట్లో నలుగురు ఫ్యాన్స్’ అంటే మనుషులు. ‘లు’ పెడితే పంకా, ‘స్’ పెడితే మనిషి. పిల్లలు ఫోన్‌లో చూసే రీల్ సంగతి వేరు. ‘రైలు, రైళ్లు’ లాగా ‘రీలు, రీళ్లు’ మనకు దారపు ఉండల కాలం నుంచీ ఉంది. ‘రోజంతా రీల్స్ చూస్తోంది’ అనే బదులు ‘రీళ్లు చూస్తోంది’ అంటే ఏమీ పోదు. మా మనవడు మాత్రం నవ్వుతాడు.

కాస్‌ప్లే అన్నది కాస్ట్యూమ్, ప్లే అనే రెండు ఇంగ్లీషు మాటలను జపానువాళ్లు కత్తిరించి అతికించుకున్నది. తెలుగు మాటకోసం మీరు బరంపురం దాటి రానక్కర్లేదు. రెండేళ్లకోసారి ఎండాకాలంలో ఠాకురాణి యాత్రకు, తెలుగు మాట్లాడే నేతపనివారి దేశిబెహరా వీధికి, పుట్టింటికి వచ్చినట్టు బుఢీ ఠాకురాణి వస్తుంది. అన్ని రోజులూ మొక్కుకున్నవాళ్లు రకరకాల రూపాల్లో తిరుగుతూనే ఉంటారు. ఒళ్లంతా పసుపురంగు పూసి, నల్లచారలు గీసి, తోక కట్టుకుని డప్పు దెబ్బకు అడుగేసే పులిని మీ అమ్మాయి చిన్నప్పటి నుంచీ చూసే ఉంటుంది. దాన్ని మనం పులివేషం అంటాం. వేషం కట్టడం, వేషం వేయడం, రెండూ బాగుంటాయి. ‘నేను ఫలానా పాత్ర వేషం కడుతున్నాను’ అని చెప్పమనండి. ఏకవచనంలోనే ఉంచమనండి. ‘మా అమ్మాయి వేషాలు వేస్తోంది’ అని మీరు ఎవరితోనైనా అన్నారంటే అర్థం మారిపోతుంది, తనకు ఈసారి నిజంగానే అభిమానం వస్తుంది, ఒడియాలో.