సినిమా సందేహాలు: గే కథ ఎక్కడ ఆగిపోతుంది?

ప్రశ్న: నేను గేని. ఉద్యోగం చేసుకుంటూ ఓ ప్రేమకథకి స్క్రిప్టు రాశాను. ఈ సంగతి దాచుకోకుండా మన దేశంలో రచయితగా, దర్శకుడిగా నిలబడ్డవాళ్లున్నారా? – ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: ఉన్నారు. ముందుగా ఓనిర్ గురించి తెలుసుకోండి. అసలు పేరు అనిర్బన్ ధర్. 1969లో భూటాన్‌లో పుట్టిన బెంగాలీ. జాదవ్‌పూర్‌లో సాహిత్యం చదివారు, బెర్లిన్‌లో ఎడిటింగ్ నేర్చుకున్నారు. దర్శకుడు కాకముందు ఎడిటర్‌గా పనిచేశారు. ఏ సీను ఎక్కడ ఆపాలో ఎడిటింగ్ బల్ల దగ్గర తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు.

2005లో వచ్చిన ఆయన మొదటి సినిమా 'మై బ్రదర్ నిఖిల్' మీరు తప్పక చూడాలి. 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా అనే యువకుడికి హెచ్ఐవీ ఉందని తేలగానే, అప్పటి ప్రజారోగ్య చట్టం కింద అరెస్టు చేసి 64 రోజులు ఒంటరిగా బంధించారు. సినిమాకు ఆధారం అదే. అయినా ఇదంతా కల్పితమనే ప్రకటన వేయాల్సి వచ్చింది. నిఖిల్‌ను రోగిగా కాదు, ఈత చాంపియన్‌గా పరిచయం చేస్తారు. అందుకే అతను కొలనులోకి దిగగానే తక్కినవాళ్లు ఒక్కొక్కరే గట్టెక్కేస్తుంటే మన గుండె కలుక్కుమంటుంది. ఆ సీనుకి డైలాగు అక్కర్లేదు. మీ స్క్రిప్టులో హీరో తాను గేనని చెప్పే సీను ఒక్కటే పెట్టుకుని మిగతాదంతా దాని చుట్టూ అల్లి ఉంటే, మళ్లీ రాయండి. అతనికి ఓ పని, ఓ పిచ్చి, ఓ కోపం ముందే ఉండాలి.

ప్రశ్న: నిర్మాతలెవరూ ముందుకు రావట్లేదు. జనం దగ్గర చందాలు పోగుచేసి తీయొచ్చా? – ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఓనిర్ తీశారు. నాలుగు కథల 'ఐ యామ్'కి ఫేస్‌బుక్ ద్వారా అడిగితే 400 మందికి పైగా డబ్బు పంపారు. ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. కానీ సెన్సార్ బోర్డు నుంచి చేతికి 'ఎ' (పెద్దలకు మాత్రమే) సర్టిఫికెట్ వచ్చింది. అసలు చిక్కు అక్కడే. 'ఎ' సినిమాను టీవీలో వెయ్యకూడదు. శాటిలైట్ హక్కులు అమ్ముడుపోకపోతే చిన్న సినిమాకి వెన్ను విరిగినట్టే. ఇంత మంది నమ్మి డబ్బిచ్చిన సినిమా ఇళ్లలోకి రాలేకపోవడం చాలా అన్యాయం.

కాబట్టి షూటింగ్‌కి ముందే లెక్క వేసుకోండి. సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో చేసిన సవరణతో యూఏ (పిల్లలు పెద్దల మార్గదర్శకత్వంలో చూడదగ్గవి)లో 7+, 13+, 16+ తరగతులొచ్చాయి. టీవీకి విడిగా సర్టిఫికెట్ కూడా అడగొచ్చు. అభ్యంతరం రాగలదనుకున్న సీనుని రెండు రకాలుగా తీసి పెట్టుకోండి, ఎడిటింగ్‌లో కథ తెగకుండా ఉంటుంది. సెన్సార్ బోర్డు తీర్పు నచ్చకపోతే, సినిమాను మళ్లీ చూసే రివైజింగ్ కమిటీ, ఆ తర్వాత నేరుగా హైకోర్టే. మధ్యలో ఉండే అప్పీళ్ల ట్రిబ్యునల్‌ని 2021లో ఎత్తేశారు. లాయరు ఖర్చు బడ్జెట్‌లో రాసుకోండి.

చందాల సంగతి. టైటిల్స్‌లో పేరు, ప్రివ్యూ టికెట్ ఇస్తామంటే పెద్ద ఇబ్బంది ఉండదు. లాభంలో వాటా అన్నారంటే అది పెట్టుబడి కిందికి పోతుంది. ఆడిటర్‌ని అడగకుండా ఆ మాట ఎక్కడా రాయకండి.

విడుదల తేదీ విషయంలో మాత్రం ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు. ఓనిర్ 'సారీ భాయ్' 2008 నవంబర్ 28న, ముంబై మీద దాడి సాగుతుండగానే విడుదలైంది.

ప్రశ్న: నా కథలో హీరో సైనికుడు. అనుమతి కావాలా? – ఓ పాఠకుడు, కర్నూలు

జవాబు: కావాలి. సైన్యం ఇతివృత్తంగా తీసే సినిమాలకు, సిరీస్‌లకు ముందుగా ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోవాలని రక్షణ శాఖ చెబుతోంది. గే అయిన ఓ మాజీ మేజర్ జీవితం స్ఫూర్తిగా ఓనిర్ రాసిన స్క్రిప్టుని 2022 జనవరిలో తిరస్కరించారు. పెద్దవాళ్ల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధం 377 సెక్షన్ కింద నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తీర్పిచ్చాక మూడేళ్లు దాటినా ఇదీ పరిస్థితి. కథకి యూనిఫాం ప్రాణం కాకపోతే వృత్తి మార్చండి. ప్రాణమే అయితే అడ్వాన్సులు ఇవ్వకముందే, లొకేషన్ వెతక్కముందే స్క్రిప్టు పంపండి.

ప్రశ్న: కథ ఎవరైనా కాజేస్తే? – అదే పాఠకుడు

జవాబు: ఒక లైను కథకి రక్షణ లేదు. ఆలోచనకి కాపీరైట్ ఉండదని 1978లోనే సుప్రీంకోర్టు చెప్పింది. సీన్లు, డైలాగులతో పూర్తిగా రాసి కాపీరైట్ ఆఫీసులో ఆన్‌లైన్‌లో నమోదు చేయండి. సాహిత్య రచనకి ఫీజు 500 రూపాయలు. దరఖాస్తుకి డైరీ నంబర్ వచ్చాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో సభ్యత్వం తీసుకుని అక్కడా రిజిస్టర్ చేసుకోవచ్చు. కథ వినిపించిన రోజే, ఎవరికి వినిపించారో రాసి వాళ్లకే ఓ మెయిల్ పెట్టండి, స్క్రిప్టు పీడీఎఫ్ జతచేసి.