చానల్ పెట్టే ముందు: పెదనాన్న ఉత్తరం

అమ్ములూ,

మీ నాన్న ఫోన్ చేసి, "నీ కూతురు ఉద్యోగం మానేసి యూట్యూబ్‌లో ఊళ్ల వార్తలు పెడుతుందట, నువ్వే చెప్పు" అన్నాడు. చెప్పమన్నది మానిపించమని. నాకు ముందు ఛాతీ ఉప్పొంగింది, ఆ తర్వాత గుండె గుభేల్‌మంది. వాట్సాప్‌లో పెడితే బొటనవేలు బొమ్మ పంపి ఊరుకుంటావు. అందుకే కాగితం మీద రాస్తున్నా, చివరిదాకా చదువు.

మామూలు సంగతులు త్వరగా చెప్పేస్తా. బండి మీద ప్రెస్ అని స్టిక్కర్ వేయించకు. కాంట్రాక్టర్ దగ్గర టీ కూడా తాగకు. ఎవరి మీద వార్త పెడుతున్నావో వాళ్ల మాట కూడా వెయ్, ఫోన్ ఎత్తకపోతే ఎన్ని గంటలకి చేశావో రాసిపెట్టుకో. సమాచార హక్కు దరఖాస్తు పెట్టి 30 రోజులు ఆగే ఓపిక ఉండాలి. ఒరిజినల్ వీడియో రెండు చోట్ల దాచు.

చందాలతో నడుపుతానన్నావట, మంచిదే. నేను పత్రికకి కంట్రిబ్యూటర్‌గా, అంటే ఊళ్ల నుంచి వార్తలు పంపే విలేకరిగా, చేసినన్నాళ్లూ జీతం అనే మాటే లేదు. అచ్చయిన వార్తని స్కేలుతో కొలిచి సెంటీమీటర్ల లెక్కన ఇచ్చేవాళ్లు. పైగా పండగొస్తే యాడ్ల టార్గెట్. ఎమ్మెల్యే గారిని పుట్టినరోజు యాడ్ అడిగిన నోటితో ఆయన మనుషుల ఇసుక ట్రాక్టర్ల గురించి ఏం అడుగుతాం? నీ చందాల లెక్క పైసాతో సహా చానల్‌లోనే పెట్టు. ఇప్పుడు యూట్యూబ్ విలేకరి అంటే వసూళ్లకొచ్చాడని తలుపులేసుకుంటున్నారు. ఆ చెడ్డపేరు నీకూ కొంత అంటుకుంటుంది, తప్పదు.

ఇక అసలు సంగతి. ఉపాధి హామీ మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది, 2006 ఫిబ్రవరి 2న. ఆ కొత్తల్లో ఒక ఊళ్లో ఒకావిడ జాబ్ కార్డు తెచ్చి చూపించింది. తను పోని రోజులకి పనికొచ్చినట్టు రాసుంది. చచ్చిపోయిన మొగుడు కూడా మస్టర్‌లో, అంటే కూలీల హాజరు పట్టీలో, మట్టి మోస్తున్నాడు. నేను పేరు లేకుండా "ఒక మహిళా కూలీ" అని రాసి పంపాను. పత్రికాఫీసు డెస్క్‌లో ఒక పెద్దమనిషికి అది చాల్లేదు. ఫోటో లేకపోతే వార్తకి బలం ఉండదని, ఫోటోగ్రాఫర్‌ని నేరుగా ఆవిడ ఇంటికే పంపాడు. ముఖం మసక చేసే వేశారు. కానీ చేతిలోని కార్డు నంబరు నేను కళ్లద్దాలు లేకుండా చదివాను. వెనక ఇంటి తలుపు, దాని మీద సున్నంతో వేసిన గుర్తు కూడా స్పష్టంగా ఉన్నాయి.

అధికారులు వచ్చారు, కొంత డబ్బు కక్కించారు. మా పత్రిక "ఎఫెక్ట్" అని బాక్స్ కట్టి వేసుకుంది. ఆవిడకి మాత్రం ఆ ఎండాకాలం ఒక్కరోజు కూడా పని చూపించలేదు. బోరు దగ్గర ఆవిడ బిందె పక్కకి జరిపారు. అంగట్లో అప్పు ఆపేశారు. ఎవడూ కొట్టలేదు, తిట్టలేదు, కేసు పెట్టడానికి ఏముంది? దసరాకల్లా పిల్లల్ని తీసుకుని బెంగళూరు బిల్డింగ్ పనులకి పోయింది. ఆ పెద్దమనిషిని అడిగితే "ముఖం కనపడలేదు కదయ్యా" అన్నాడు. పల్లెలో మనిషిని గుర్తుపట్టడానికి ముఖం ఎందుకు? చీర చాలు, గడప చాలు. నీ వీడియోలో గొంతు కూడా ఉంటుంది, అది ఇంకా ప్రమాదం.

నువ్వు సాయంత్రం బస్సెక్కి వచ్చేస్తావు, నీతో మాట్లాడిన ఆవిడ అక్కడే ఉండాలి. అందుకని పెట్టేముందు వీడియో ఆవిడకే చూపించు. "రేపు ఊళ్లో ఏమంటారమ్మా" అని అడుగు. వద్దంటే ఎంత పెద్ద వార్తైనా తీసెయ్. మొండికెయ్యకు, నీ మొండితనం నాకు తెలుసు. అత్యాచారం కేసుల్లో, పిల్లల కేసుల్లో పేరూ ఆనవాళ్లూ బయటపెట్టడం ఎలాగూ నేరమే.

మీ నాన్న టెన్షన్ అంతా పోలీసుల గురించి. "ఒకసారి స్టేషన్‌కి రండి మేడమ్" అని ఫోనొస్తే పరిగెత్తకు, బీఎన్‌ఎస్‌ఎస్, అదే కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, 35(3) సెక్షన్ కింద నోటీసు కాగితం మీద ఇమ్మను. చేతికొచ్చాక మాత్రం ఎగ్గొట్టకు. ఫోన్ ఇమ్మంటే ఏ ఉత్తర్వు మీద అని అడుగు, నిన్ను నమ్మి మాట్లాడిన వాళ్ల నంబర్లన్నీ అందులోనే ఉంటాయి. చట్టం నీ వైపుందన్న ధీమా కూడా వద్దు. ఆన్‌లైన్ పోస్టుల మీద కేసులు పెట్టే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015లో కొట్టేస్తే, ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి అదే సెక్షన్ కింద కేసులు రాశారు.

నా భయం వేరే. ఛత్తీస్‌గఢ్ బీజాపూర్‌లో ముఖేశ్ చంద్రాకర్ నీలాగే యూట్యూబ్ చానల్ నడిపాడు, బస్తర్ జంక్షన్ అని. రోడ్డు పనుల్లో అవినీతి బయటపెట్టాక, 2025 జనవరి 3న సెప్టిక్ ట్యాంకులో అతని శవం దొరికింది. ప్రధాన నిందితుడు కాంట్రాక్టర్, పట్టుకున్నది మన హైదరాబాద్‌లో. పేపర్ పక్కన పెట్టి నీకు ఫోన్ చేశాను ఆ రోజు, గుర్తుందా? ఊరికే చేశానన్నాను. "కూర్చుని మాట్లాడుకుందాం రండి" అని ఎవరు పిలిచినా నలుగురు తిరిగే హోటల్‌లోనే కూర్చో, పక్కన ఇంకొకరు ఉండాలి. లొకేషన్ మీ అమ్మకి కాదు, నాకు పంపు. ఆవిడ తట్టుకోలేదు.

మానెయ్యమని మాత్రం నేను అనను. ఉత్తరప్రదేశ్ చిత్రకూట్‌లో 2002లో దళిత ఆడవాళ్లు ఖబర్ లహరియా అనే పత్రిక మొదలుపెట్టి, సైకిళ్లు, బస్సులు పట్టుకుని ఊరూరా తిరిగారు. అంతకు ముందు ఏడాదే మన చిత్తూరు జిల్లా పల్లె మహిళలు నవోదయం పత్రిక తెచ్చారు. మా మండలాఫీసుల్లో కుర్చీ వెయ్యని మనుషులు వాళ్లు, వార్త రాసి మరీ కుర్చీ వేయించుకున్నారు. నువ్వు చదువుకున్నదానివి, నీకేం తక్కువ?

శనివారం రా, బండి మీద కాదు, బస్సులో. నాకు తెలిసిన లాయర్ ఉన్నాడు, వకాలత్ మీద సంతకాలు చేయించి పెట్టుకుందాం. మొదటి వీడియో ఏ ఊరిదో నాకు ముందే చెప్పు. మీ నాన్నతో నేను మాట్లాడతాను.

మీ పెదనాన్న