స్కూలు పేరు అడగకండి, ఒకటో తరగతి ఎవరు చెప్తారో అడగండి

మీరు అడిగింది ఇది: బదిలీ మీద వచ్చే జూన్‌కి విజయనగరం వస్తున్నాం, బాబుకి ఆరేళ్లు నిండుతున్నాయి, ఒకటో తరగతికి మంచి టీచర్లున్న స్కూలు ఏదో చెప్పండి అని. అప్పుడే నలుగురు నాలుగు స్కూళ్ల పేర్లు రాసేశారు. నేను ఒక్క పేరూ చెప్పను. తెలియక కాదు. తోటపాలెంలో నాకు జిరాక్స్, స్టేషనరీ షాపు ఉంది. జూన్ నెలంతా ఈ ఊరి స్కూళ్ల బుక్ లిస్టులు నా కౌంటరు మీదే దొర్లుతుంటాయి. పేరు చెప్పానంటే మీరు ఆ పేరు చూసి డబ్బు కట్టేస్తారు. ఆ బోర్డు కింద మీ బాబుకి పాఠం చెప్పేది ఎవరో మాత్రం అడగరు.

ఆరేళ్ల పిల్లాడికి స్కూలంటే ఒక్క మనిషే. పదో తరగతి పిల్లకి లెక్కల మాస్టారు కుదరకపోతే సైన్సు మాస్టారైనా ఉంటారు. చిన్నపిల్లలకి ఆ వీలు లేదు, పొద్దున్నించి సాయంత్రం దాకా అదే ముఖం. మన ప్రైవేటు స్కూళ్లు చేసేదేమిటంటే, అనుభవం ఉన్నవాళ్లందరినీ తొమ్మిది, పది తరగతులకి పెట్టి, కొత్తగా చేరినవాళ్లని, అందరికంటే తక్కువ జీతానికి వచ్చినవాళ్లని ఒకటీ రెండు తరగతులకి తోసేస్తారు. పదో తరగతి మార్కులైతే ఫ్లెక్సీకి ఎక్కుతాయి. రెండో తరగతి గుంటడికి తీసివేత అర్థమైందని ఎవరూ ఫ్లెక్సీ కట్టరు కదా. ఆ తక్కువ జీతానికి ఆ అమ్మాయిలు మాత్రం ఎన్నాళ్లుంటారు? సంక్రాంతి సెలవులకి వెళ్లి తిరిగి రారు. ఫిబ్రవరిలో పిల్లలకి కొత్త మేడం.

నేను టీచర్లని నా కౌంటరు దగ్గరే అంచనా వేసేస్తాను. ఎర్ర పెన్నులు, స్టార్ స్టిక్కర్లు మాత్రమే కొనేవాళ్లు ఒక రకం. "రబ్బరు బ్యాండ్లు ప్యాకెట్ ఎంత? పాత క్యాలెండర్లు ఉన్నాయా, వెనకవైపు తెల్లగా ఉన్నవి?" అని అడిగేవాళ్లు ఇంకో రకం. రెండో రకం వాళ్ల క్లాసులో కళ్లు మూసుకుని వేసేయండి. ఇదేం లెక్క అని మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీయండి, ఇన్నేళ్లలో నా అంచనా తప్పింది లేదు.

మా పాప సంగతి చెప్తాను. అప్పుడు రెండో తరగతి, పేరున్న ప్రైవేటు స్కూలే. రెండంకెల తీసివేతలు మొదలయ్యాయి. నోటు పుస్తకం తెరిస్తే పేజీ నిండా ఎర్ర ఇంటూలు. 52లోంచి 27 తీసి 35 అని వేసింది. 61లోంచి 38 తీసి 37. అన్నీ ఒకటే తీరు తప్పులు. కింద ఇంగ్లీషులో ఇంటి దగ్గర ప్రాక్టీసు చేయించమని రాత, పక్కన సంతకం. వెళ్లి అడిగితే, "పాప మేథ్స్‌లో వీక్ సార్, ఈవినింగ్ నా దగ్గరికే ట్యూషన్‌కి పంపండి" అంది ఆ మేడం. పొద్దున్న ఫీజు కట్టించుకుని చెప్పనిది సాయంత్రం ఇంకో ఫీజుకి చెప్తుందట! టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్‌లో ఉంది. ఆ మాట ఈ ఊళ్లో ఎవరికీ పట్టదు.

ఆ రోజుల్లోనే నెల్లిమర్ల వైపు ఒక ఊరి ప్రైమరీ స్కూలుకి చార్టులు, రిజిస్టర్లు ఇవ్వడానికి వెళ్లాను. బిల్లు మీద హెచ్చెమ్ సంతకం కోసం వరండాలో నిలబడ్డాను. లోపల ఒక మాస్టారు, నడివయసాయన, గుంటడొకణ్ని పక్కన కూచోబెట్టుకుని ఉన్నారు. వాడి పలక మీద 52, కింద 27, దాని కింద 35. మా పాప పుస్తకంలో ఉన్న లెక్కే, అదే తప్పు.

మాస్టారు తప్పనలేదు. "ఇది ఎలాగ చేసావురా నాన్నా, నాకోసారి చెప్పు" అన్నారు.

"రెండులోంచి ఏడు రాదు కదండీ. అందుకే ఏడులోంచి రెండు తీసీసానండీ" అన్నాడు వాడు, ధీమాగా.

నాకు అక్కడే బుర్ర తిరిగింది. వాడు ఆలోచించే చేశాడు! మా పాప కూడా అంతే చేసి ఉంటుంది. ఆ ఆలోచన ఏమిటో మేము ఫీజు కట్టే చోట అడిగిన నాథుడు లేడు.

మాస్టారు బల్ల కింద నుంచి డబ్బా ఒకటి తీశారు. కొబ్బరి చీపురు పుల్లలు, వేలెడంత పొడవున కత్తిరించి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసిన కట్టలు. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు వాడి ముందు పెట్టి, "ఇందులోంచి నాకు ఇరవయ్యేడు ఇవ్వు" అన్నారు. వాడు రెండు కట్టలు ఇచ్చేశాడు. ఏడు విడి పుల్లలు కావాలి, ఉన్నవి రెండు. మాస్టారి ముఖం చూశాడు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు, కావాలనే. వాడు కాసేపు తల గోక్కుని ఒక కట్ట అందుకున్నాడు. రబ్బరు బ్యాండు గట్టిగా ఉంది, గోరుతో లాగితే ఠప్పున తెగి పుల్లలు బల్లంతా చెదిరాయి. పోగుచేసి లెక్కపెట్టుకుంటే పదకొండే వచ్చాయి. "పదకొండేనండీ" అన్నాడు. "అలాగా? మరి ఇంకోటి ఎక్కడికి పోనాది?" అన్నారాయన. వాడు బల్ల కిందకి దూరి దుమ్ములోంచి పన్నెండోది వెతికి తెచ్చాడు. అందులోంచి ఏడు తీసి ఇచ్చి, మిగిలినవి చూసుకుని, పలక మీద 35ని మోచేత్తో తుడిచేసి 25 అని వేశాడు. అప్పుడుగానీ మాస్టారు ఇటు తిరగలేదు. ఈలోగా బిల్లు మీద సంతకం పెట్టి హెచ్చెమ్ గారు ఎప్పుడిచ్చారో కూడా నేను గమనించలేదు.

పాపని అక్కడ వేస్తానంటే ఇంట్లో జరిగిన రభస రాస్తే ఇది తెమలదు. "ఏటి బావా, షాపు నడవట్లేదా, గవర్నమెంటు బళ్లో ఎందుకేస్తన్నావు?" అని మా బామ్మర్ది నలుగురి ముందూ అడిగాడు. మా అత్తగారు రెండు పూటలు మాట్లాడలేదు. నేను వేసేశాను. పాప తీసివేతలు నేర్చుకుంది, భాగహారాలూ నేర్చుకుంది. దానికంటే నాకు నచ్చింది, ఏ లెక్కయినా ఎలా చేసిందో ఇంటికొచ్చి చెప్పడం మొదలుపెట్టింది. అదీ మన మాటలో.

ఈ మాట సంగతి కూడా చెప్పాలి. పాత స్కూల్లో పేరెంట్స్ మీటింగుకి వెళ్తే ఇంట్లో కూడా పిల్లతో ఇంగ్లీషే మాట్లాడమనేవారు. నా ఇంగ్లీషుతో పిల్లని పెంచితే దాని గతేం కాను? క్లాసులో తెలుగు మాట్లాడితే ఫైను. ఏడులోంచి రెండు ఎందుకు తీశావని అడిగినా, ఏడేళ్ల పిల్ల ఆ సంగతి ఇంగ్లీషులో ఏం చెప్తుంది? నోరు మూసుకుంటుంది. మేడం పుస్తకంలో ఇంటూ పెడుతుంది. ఇంగ్లీషు వద్దనడం లేదు, నేర్పండి. నేర్పేలోగా పిల్ల నోరు కట్టేయొద్దంటున్నాను. గిడుగు రామమూర్తి గారు మన శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టినాయన. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర పిల్లల కోసం ముందు తానే సవర భాష నేర్చుకుని, వాళ్ల భాషలో పుస్తకాలు రాసి బళ్లు పెట్టించారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండేసి తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, 30 నుంచి మళ్లీ ఫైన్లు.

అలాగని గవర్నమెంటు బడి అనగానే మంచిదని నా మాటలకి అర్థం తీయకండి. ఐదు తరగతులకి ఒక్క టీచరున్న బళ్లు నాకు తెలుసు. ఆ మనిషి దేవుడైనా ఏం చేయగలడు? ప్రైమరీలో 30 మంది పిల్లలకి ఒక టీచరు ఉండాలన్నది చట్టం, వెళ్లినప్పుడు ఆ లెక్క అడగండి. ఉన్న టీచరుకైనా పొద్దున్నే అటెండెన్స్ యాప్, తర్వాత మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆ తర్వాత ఇంకేదో ఫొటో అప్‌లోడ్. నా దగ్గర జిరాక్సులకి వచ్చే మాస్టార్లలో పాఠం కాగితాలు తెచ్చేవాళ్ల కంటే ఆఫీసు ప్రొఫార్మాలు తెచ్చేవాళ్లే ఎక్కువ.

ఇంకోటి. అంత వెతుక్కుని పట్టుకున్న మా మాస్టారు 2025 వేసవి బదిలీల్లో వెళ్లిపోయారు. కొన్నాళ్లు పక్క ఊరి టీచరుతో సర్దారు, తర్వాత 16,347 పోస్టుల మెగా డీఎస్సీలో ఎంపికైన అమ్మాయి వచ్చింది. ఇంకా కుదురుకుంటోంది, చూడాలి. మొన్న మా షాపుకొచ్చి స్కెచ్ పెన్నులు అడిగింది, రబ్బరు బ్యాండ్లు అడగలేదు.

మీ పనికొస్తే, చూసేటప్పుడు నేనైతే ఏం చూస్తానో చెప్తాను. అడ్మిషన్ల సీజన్లో మాత్రం వెళ్లకండి. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ గది, కూల్ డ్రింకు, బ్రోషరు తప్ప ఏమీ కనపడవు. వేసవి సెలవులు ఇవ్వకముందే ఒక పనిరోజు సెలవు పెట్టి రండి, పదిన్నర ప్రాంతంలో వెళ్లండి. ఒకటో తరగతి ఎవరు చెప్తారో ఆ మనిషితో ఐదు నిమిషాలు మాట్లాడతానని అడగండి. కోఆర్డినేటర్‌నో, ఇన్‌చార్జినో చూపిస్తే థాంక్స్ చెప్పి వచ్చేయండి. మాట్లాడనిస్తే, ఆఖరి బెంచీ పిల్లాడి నోటు పుస్తకం ఒకటి చూపించమనండి. మొదటి బెంచీ పుస్తకాలు ఎక్కడైనా ముత్యాల్లాగే ఉంటాయి. తప్పు లెక్క పక్కన టీచరు ఏం రాసిందో చూడండి. వట్టి ఇంటూనా, ఇంకేమైనా ఉందా?

ఏం చదివారని కూడా మొహమాటపడకుండా అడగండి. బీఈడీ చేశానని గొప్పగా చెప్తారు. బీఈడీ పెద్ద తరగతుల కోసం, చిన్నపిల్లలకి చెప్పడం నేర్పేది డీఈడీ. బీఈడీ వాళ్లు ప్రైమరీ టీచరు పోస్టులకి అర్హులు కారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టే చెప్పింది. ఇక మీ బాబుకి టెస్టు పెడతామన్నా, మీకు ఇంటర్వ్యూ అన్నా, విద్యాహక్కు చట్టమే 13వ సెక్షన్‌లో కూడదంది. మొదటిసారి అయితే 25,000 దాకా జరిమానా. ఇక్కడ దానికి 'ఇంటరాక్షన్' అని పేరు పెట్టుకుని దర్జాగా చేసేస్తున్నారు.

చివరిగా టీసీ సంగతి, ఎందుకంటే మమ్మల్ని బాగా తిప్పింది అదే. పాత స్కూలువాళ్లు మిగతా టర్ము ఫీజు కడితేగానీ టీసీ ఇవ్వమని కూర్చున్నారు. మీకూ బదిలీ కాబట్టి ఈ బెడద రావచ్చు. గవర్నమెంటు బళ్లో చేర్చేటట్టయితే టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఆపకూడదని అదే చట్టం 5వ సెక్షన్ చెప్తోంది. అక్కడి హెచ్చెమ్‌కి ఈ మాట తెలియకపోతే ఆ పేజీ ప్రింటు తీసి పట్టుకెళ్లండి. మా షాపులోనే తీసిస్తాను, డబ్బులివ్వక్కర్లేదు.