టెక్ సందేహాలు: కరెంటు నిలకడగా ఉండని ఇంటికి ఎలాంటి వంటింటి పరికరాలు?

ప్రశ్న: మేము కొత్త ఇంటికి మారుతున్నాము. ఇక్కడ రోజుకు మూడు నాలుగు సార్లు కరెంటు పోతుంది. ఒక్కోసారి రెండు గంటల దాకా రాదు. సాయంత్రం పూట బల్బులు బాగా మందగిస్తాయి. ఫ్రిజ్, ఇండక్షన్ పొయ్యి, మైక్రోవేవ్, మిక్సీ కొనాలి. ఇన్వర్టర్, 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఇప్పటికే ఉన్నాయి. వీటిలో వేటిని ఎలా చూసి ఎంచుకోవాలి?

జవాబు: మీరు రాసినదాంట్లో రెండు వేర్వేరు జబ్బులు ఉన్నాయి. కరెంటు పోవడం ఒకటి, ఉండి కూడా చాలినంత లేకపోవడం మరొకటి. పోయినప్పుడు అందరికీ తెలుస్తుంది కాబట్టి దాన్ని గురించే ఎక్కువగా మాట్లాడుకుంటాము. కానీ మోటార్లను కాల్చేది చాలాసార్లు రెండోదే. అందువల్ల దుకాణానికి వెళ్లకముందే, ప్లగ్గులో గుచ్చితే వోల్టేజీని అంకెల్లో చూపే చిన్న మీటరు ఒకటి తెచ్చుకొని, వారం రోజుల పాటు ఉదయం, సాయంత్రం, రాత్రి ఎంత చూపుతోందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఒక్క గదిలో మాత్రమే తక్కువగా కనిపిస్తే తప్పు సరఫరాది కాదు, గోడలోని వైరింగుది. అప్పుడు పిలవవలసింది ఎలక్ట్రీషియన్‌ను.

ఆ కాగితం ఎందుకంటే, వోల్టేజీ తగ్గినప్పుడు అన్ని పరికరాలూ ఒకే రకంగా నష్టపోవు. తీగచుట్టతో వేడెక్కే కెటిల్, హీటరు వంటి వాటిలో శక్తి వోల్టేజీ వర్గాన్ని, అంటే వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని, అనుసరించి పడిపోతుంది. 230 వోల్టుల దగ్గర 2,000 వాట్లు ఇచ్చే కెటిల్ 180 వోల్టుల దగ్గర సుమారు 1,200 వాట్లే ఇస్తుంది. నీళ్లు కాగడం ఆలస్యమవుతుంది, అంతకు మించి కెటిల్‌కు వచ్చే ప్రమాదం ఏమీ లేదు. ఫ్రిజ్ సంగతి అలా కాదు. మామూలు కంప్రెసర్ మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో, నడిచేటప్పుడు తీసుకునే కరెంటుకు అనేక రెట్లు లాగుతుంది. వోల్టేజీ చాలకపోతే తిరగలేక, ఆ భారీ కరెంటును లాగుతూనే వేడెక్కుతుంది. అప్పుడు ఫ్రిజ్ వెనక చెవి పెట్టి వింటే ఒక మూలుగు, కొన్ని సెకన్లకు ‘టిక్’ అనే చప్పుడు, ఆ తరువాత నిశ్శబ్దం, కొద్ది నిమిషాలకు మళ్లీ అదే మూలుగు వినిపిస్తాయి. ఆ ‘టిక్’ మోటారును కాపాడే ఓవర్‌లోడ్ స్విచ్చిది. మా పాత ఫ్రిజ్ చాలా రోజులు అలా చప్పుడు చేస్తుంటే వయసు మీద పడిందిలే అని నేను పట్టించుకోలేదు; చివరికి కంప్రెసర్ కాలిపోయాక గానీ దాని అర్థం బోధపడలేదు.

కాబట్టి మీ బడ్జెట్‌లో పెద్ద వాటా ఫ్రిజ్‌కే కేటాయించండి, ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్నదాన్నే తీసుకోండి. (ఈ ఇన్వర్టర్‌కూ మీ ఇంట్లో బ్యాటరీ పక్కన ఉన్న ఇన్వర్టర్‌కూ సంబంధం లేదు, ఒకే పేరు రెండింటికీ అంటుకోవడం వల్ల, ఈ ఫ్రిజ్ కరెంటు లేకపోయినా నడుస్తుందని నమ్మి కొన్నవారు కూడా ఉన్నారు.) ఇన్వర్టర్ కంప్రెసర్ మెల్లగా మొదలై అవసరాన్నిబట్టి వేగం మార్చుకుంటుంది కనుక ఆరంభంలో ఆ పెద్ద గుంజుడు ఉండదు, తక్కువ వోల్టేజీని కూడా మెరుగ్గా తట్టుకుంటుంది. స్టెబిలైజర్ అక్కర్లేదని దాని మీద రాసి ఉంటే, ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల వరకు అక్కర్లేదో కూడా అక్కడే రాసి ఉంటుంది. మీ కాగితం మీది అంకెలు ఆ హద్దు దాటితే స్టెబిలైజర్ పెట్టవలసిందే. అందులో చూడవలసినవి ఎంత తక్కువ వోల్టేజీ దాకా పని చేస్తుంది, హద్దు మీరి పెరిగినప్పుడు సరఫరాను ఆపేస్తుందా, కరెంటు తిరిగి వచ్చాక సుమారు మూడు నిమిషాలు ఆగి ఇస్తుందా అన్నవి. ఈ ఆలస్యం దేనికంటే, ఆగిన కంప్రెసర్‌కు రెండు వైపులా ఉన్న వాయువు ఒత్తిడి సమానం కావడానికి కొంత సమయం కావాలి. అంతలోనే మొదలుపెట్టమంటే మామూలు మోటారు ఆ ఒత్తిడికి ఎదురు తిరగలేక మొరాయిస్తుంది.

ఇక మీ బ్యాటరీ విషయానికి వద్దాము. 12 వోల్టులు, 150 ఆంపియర్-అవర్లు అంటే కాగితం మీద 1,800 వాట్-అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే దాన్ని సగానికి మించి ఖాళీ చేయకపోవడం మంచిది; ఇన్వర్టర్‌లో పోయే నష్టాన్ని కూడా తీసివేస్తే మీ చేతికి వచ్చేది 750 వాట్-అవర్ల దరిదాపుల్లో ఉంటుంది. గది వేడిమిలో, అంటే 25 డిగ్రీల దగ్గర ఉన్న ఒక లీటరు నీటిని మరిగించడానికి దాదాపు 87 వాట్-అవర్లు కావాలి. రోజుకు ఒక యూనిట్, అంటే 1,000 వాట్-అవర్లు, ఖర్చు చేసే ఫ్రిజ్‌ను రెండు గంటలు నడపడానికి కావలసిందీ ఇంచుమించు అంతే. ఒక్క లీటరు నీళ్లు కాచుకుంటారా, ఒక కరెంటు కోత మొత్తం ఫ్రిజ్‌ను చల్లగా ఉంచుకుంటారా అన్నది మీ ఇష్టం. నన్నడిగితే వేడి పుట్టించే ఏ పనినీ బ్యాటరీకి అప్పజెప్పకండి. పైగా 2,000 వాట్ల ఇండక్షన్ పొయ్యిని నడపాలంటే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 190 ఆంపియర్లకు పైగా లాగాలి. ఇళ్లలో పెట్టుకునే చిన్న ఇన్వర్టర్ అంత బరువు మోయలేక వెంటనే ఆగిపోతుంది. ఫ్రిజ్‌ను ఇన్వర్టర్‌కు కలపదలిస్తే మాత్రం ఆ ఇన్వర్టర్ సైన్ వేవ్ రకమే, అంటే గోడ ప్లగ్గులోని కరెంటులా సాఫీగా పెరిగి తగ్గే కరెంటు ఇచ్చేదే, అయి ఉండాలి. ఒక్కసారిగా మెట్టులా మారే స్క్వేర్ వేవ్ మీద మోటార్లు రొద పెడతాయి, వేడెక్కుతాయి.

ఇండక్షన్ పొయ్యిని కొనవచ్చు, కానీ ఇల్లంతా దాని మీదే ఆధారపడేలా చేసుకోవద్దు. కరెంటుతో పని లేని పొయ్యి ఒకటి పక్కన ఉండి తీరాలి. వోల్టేజీ మరీ తగ్గితే చాలా ఇండక్షన్ పొయ్యిలు ఏదో ఒక లోపం గుర్తు చూపించి ఆగిపోతాయి. కరెంటు తిరిగి వచ్చినా సాధారణంగా వాటంతట అవి వెలగవు, ఇది మేలే. తిప్పే మీట ఉన్న తీగచుట్ట పొయ్యిలు అలా కావు: కరెంటు పోయిందని దాన్ని అలాగే వదిలి బయటికి వెళితే, తిరిగి వచ్చేసరికి ఖాళీ గిన్నె కింద ఎర్రగా కాలుతూ ఉంటుంది. కరెంటు పోగానే మీటను ఆపడం ఇంట్లో అందరికీ అలవాటు కావాలి.

మైక్రోవేవ్ మీద 800 వాట్లు అని రాసి ఉంటే అది ఆహారానికి అందే శక్తి; గోడలోంచి లాగేది 1,200 వాట్లకు అటూ ఇటుగా ఉంటుంది. మీ ఇంట్లో ఇది అన్నిటికంటే చివర కొనవలసిన వస్తువు. మిక్సీకి పెద్ద చర్చ అక్కర్లేదు. అడుగున ఓవర్‌లోడ్ బటన్ ఉన్నది తీసుకోండి, సాయంత్రం మందకొడి వేళలో కాక ఉదయం వాడుకోండి, జారును గొంతు దాకా నింపకండి.

ప్రశ్న: మేము ఊరికి వెళ్లినప్పుడు ఎంతసేపు కరెంటు పోయిందో తెలియదు. ఫ్రీజర్‌లోని పదార్థాలు పాడయ్యాయో లేదో ఎలా గుర్తించాలి?

జవాబు: ఒక చిన్న గిన్నెలో నీళ్లు గడ్డ కట్టించి, దాని మీద ఒక నాణెం పెట్టి ఫ్రీజర్‌లోనే ఉంచి వెళ్లండి. తిరిగి వచ్చాక నాణెం పైనే ఉంటే పరవాలేదు. అడుగుకు చేరి, దాని మీద మంచు గడ్డ కట్టి ఉంటే మధ్యలో అంతా కరిగి మళ్లీ గడ్డ కట్టిందని అర్థం. అప్పుడు లోపలి పదార్థాలను పారవేయడమే క్షేమం. తలుపు తెరవకుండా ఉంటే ఫ్రిజ్ భాగం నాలుగు గంటల వరకు, నిండుగా ఉన్న విడి ఫ్రీజర్ 48 గంటల వరకు, సగం నిండినది 24 గంటల వరకు చల్లదనాన్ని నిలుపుకుంటాయని లెక్క. అందుకే ఖాళీ జాగాలో నీళ్ల సీసాలు గడ్డ కట్టించి పెట్టండి. కిలో మంచు కరగడానికి తీసుకునే వేడి, కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించే వేడికి దాదాపు 80 రెట్లు. నీరు గడ్డ కడితే వ్యాకోచిస్తుంది కనుక సీసాలను మెడ దాకా నింపకండి.

ప్రశ్న: స్పైక్ గార్డ్ ఉన్న ప్లగ్గు బోర్డు వాడుతున్నాము. ఇంకా స్టెబిలైజర్ అవసరమా?

జవాబు: రెండూ వేరు. స్పైక్ గార్డ్ సెకనులో అతి చిన్న భాగం పాటు ఎగిసిపడే వోల్టేజీని మింగుతుంది, అలా మింగి మింగి కొన్నాళ్లకు అరిగిపోతుంది కూడా. గంటల తరబడి 170 వోల్టులే వస్తుంటే అది చేయగలిగింది ఏమీ లేదు. మూడు ఫేజుల సరఫరాలో (కరెంటు మూడు తీగల మీద వచ్చే చోట) వాటన్నిటికీ ఉమ్మడిగా ఉండే న్యూట్రల్ తీగ తెగితే 230 వోల్టుల ప్లగ్గులోకి 400 వోల్టుల దాకా రావచ్చు. దానికి స్పైక్ గార్డ్ ఆగదు. హద్దు దాటగానే ఇంటి మొత్తానికీ సరఫరాను తెంచే ఓవర్ వోల్టేజీ కటాఫ్ పరికరాన్ని మెయిన్ బోర్డులో పెట్టించండి.