ముత్తాత బైబిల్లోని రాత కోర్టులో నిలుస్తుందా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మా నాన్నమ్మ పుట్టిల్లు గోదావరి అవతల, నరసాపురం వైపు. వాళ్లది మొదటినుంచీ క్రైస్తవ కుటుంబం. ఆవిడ తండ్రి 1974లో వీలునామా రాయకుండా పోయారు, తల్లి 1982లో పోయారు. వాళ్లకు ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు. చిన్నకూతురు మా నాన్నమ్మ, 2009లో చనిపోయింది. ఆవిడ అక్కగారు 91 ఏళ్ల వయసులో పాలకొల్లులో ఉన్నారు. 2 ఎకరాల 40 సెంట్ల భూమి అన్నగారి చేతిలోనే ఉండిపోయింది. వరి పండినన్నాళ్లూ వాళ్లు మా ఇంటికి ఏటా రెండు బస్తాల బియ్యం పంపేవారు. 2022లో ఆ భూమిని రొయ్యల చెరువుకి లీజుకిచ్చారు. వాటా అడిగితే, 'మీ నాన్నమ్మ పెంచుకున్న పిల్ల, కన్నపిల్ల కాదు. అయినా కట్నం ఇచ్చి పంపాంగా' అంటున్నారు. ఆవిడకు బర్త్ సర్టిఫికెట్ లేదు. ముత్తాత గారి బైబిల్ ఖాళీ పేజీల్లో పిల్లల పుట్టుకలు ఆయనే రాసి పెట్టారు. అది సాక్ష్యంగా చెల్లుతుందా? అక్షరాలు వెలిసిపోతున్నాయి. పైన పెన్నుతో దిద్ది లామినేషన్ చేయిద్దామని మా పిన్ని అంటోంది. ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: ముందు పిన్నిగారి చేతిలోంచి ఆ పెన్ను తీసుకోండి. దిద్దిన అక్షరం ఇక ముత్తాతగారిది కాదు, పిన్నిగారిది అయిపోతుంది. లామినేషన్ చేస్తే సిరా, కాగితం పరీక్షించే వీలు పోతుంది. పేజీ చింపి విడిగా దాచడం కూడా వద్దు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన సైనికుల వితంతువులు పెన్షన్ కోసం ఇంటి బైబిల్ పేజీలు చింపి వాషింగ్టన్‌కి పంపారు. అవి ఇప్పటికీ అక్కడి జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, కానీ పుస్తకం నుంచి విడిపోయిన పేజీ ఏ ముద్రణదో చెప్పడం కష్టం. మీ పుస్తకం అట్టతో సహా అలాగే ఉండాలి. పాత కాటన్ గుడ్డలో చుట్టి, చెమ్మ, చెదలు చేరని చోట పెట్టండి.

ఇక మీ అసలు ప్రశ్న. చెల్లుతుంది.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 26వ సెక్షన్ (పాత 1872 చట్టంలో 32) ప్రకారం, బంధుత్వం గురించి బాగా తెలిసిన మనిషి, ఆ విషయంలో తగువు పుట్టకముందు చెప్పిన లేదా రాసిన మాట, ఆ మనిషి చనిపోయాక కూడా సాక్ష్యమే. కుటుంబ వంశవృక్షం, సమాధి రాయి, కుటుంబ చిత్రపటం, ఇలాంటి సంగతులు మామూలుగా రాసుకునే మరే వస్తువైనా సరే అంటుంది ఆ సెక్షన్. అమెరికా సాక్ష్య నియమాల్లో ఫ్యామిలీ బైబిల్ అని విడిగా రాసి ఉంది, మన చట్టంలో ఆ మాట లేదు. కానీ చట్టమే ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి, చనిపోయిన తండ్రి తన జ్ఞాపకాల పుస్తకంలో రాసుకున్న కూతురి పెళ్లి తేదీ. మీ ముత్తాతగారికి ఆ పుస్తకం బైబిల్ అయింది, అంతే. ఆయన 1938లో రాశారు, తగువు 2022లో వచ్చింది. ఇంతకంటే మంచి వరస దొరకదు.

ఫొటోలు పెద్దవి చేసి చూశాను. 'సన్ 1938 ఆగష్టు 14 తేది ఆదివారము ఉదయము ఆరాధన వేళకు మాకు రెండవ ఆడపిల్ల పుట్టినది.' ఆ తేదీ ఏ వారమో లెక్క వేసి చూశాను, ఆదివారమే. తర్వాత కూర్చుని కల్పించిన రాతల్లో తరచుగా వారం దగ్గరే దొరికిపోతారు. 'మాకు పుట్టినది' అన్న మాట మీకు ప్రాణం. క్రైస్తవులకు వర్తించే వారసత్వ చట్టంలో పెంచుకున్న పిల్లకు పిల్లగా వాటా ఉందని ఎక్కడా రాసి లేదు. అందుకే వాళ్లు ఆ మాట ఎత్తారు.

ఒక లోపం కూడా కనబడింది. మొదటి పేజీలో ముద్రణ సంవత్సరం 1926 అని ఉంది, కొడుకు పుట్టుక 1921 అని రాసి ఉంది. అంటే ఆ వరుస పుట్టిననాడు రాసింది కాదు, తర్వాత గుర్తుపెట్టుకునో పాత కాగితం చూసో ఎక్కించింది. దాన్ని దాచకండి, మీరే ముందు చెప్పండి. రాసింది తండ్రే గనక కొంప మునగదు. మిగతా వరుసల్లో సిరా రంగు మారుతూ వచ్చింది, ఒకచోట పాళీ మందంగా పడింది. అది మంచిదే. చాలా ఏళ్ల కిందట నేను అవతలి పక్షాన నిలబడ్డ ఒక దావాలో ముప్పై ఏళ్ల పుట్టుకలన్నీ ఒకే బాల్‌పెన్నుతో, ఒకే ఒరవడిలో ఉన్నాయి. సాక్షిని ముద్రణ సంవత్సరం చదవమన్నాను. చదివాడు, తల దించుకున్నాడు.

ఇంకో జాగ్రత్త. పుట్టుకల పక్కనే 'బాప్తిస్మము' అని కొన్ని తేదీలు ఉన్నాయి. లూథరన్ కుటుంబమైతే పసిపిల్లలకే ఇప్పిస్తారు కాబట్టి అది పుట్టిన తేదీకి దగ్గరగా ఉంటుంది. బ్రదరన్ వాళ్లు పెద్దయ్యాక నీళ్లలో ముంచి ఇస్తారు. 1836లో వచ్చిన బ్రదరన్ మిషనరీలు బౌడెన్, బీర్ దొరల కాలం నుంచీ నరసాపురం, పాలకొల్లు వైపు వాళ్ల పని సాగింది గనక, మీ వాళ్లు ఏ సంఘంవాళ్లో తెలుసుకోకుండా ఆ తేదీని వయసుకి లెక్క కట్టకండి. ఆ సంఘం బాప్తిస్మపు రిజిస్టరు, పెళ్లి రిజిస్టరు నకళ్లు అడగండి. పెళ్లి నమోదులో వధువు తండ్రి పేరు ఉంటుంది. ముత్తాతగారి సమాధి రాయి మీద పిల్లల పేర్లు చెక్కించి ఉంటే ఫొటో తీయించండి. పాత శుభలేఖల్లో అన్నగారి పేరు మీ నాన్నగారికి మేనమామ అని అచ్చయి ఉంటే బంగారమే. బంధుత్వాన్ని ఇంటివాళ్లు తమ నడతతో ఒప్పుకున్నారనడానికి సాక్ష్య అధినియమం 44వ సెక్షన్ కింద అది పనికొస్తుంది.

పేర్ల తేడా చూసి టెన్షన్ పడకండి. బైబిల్లో రూతమ్మ, రేషన్ కార్డులో రత్నమ్మ అన్నట్టు మన వైపు మామూలే. ఇద్దరూ ఒకరేనని సాక్షి చేత చెప్పిస్తే సరిపోతుంది.

ముప్పై ఏళ్లు దాటిన కాగితం, ఉండాల్సిన చోట నుంచి వస్తే, చేతిరాత ఫలానావారిదే అని కోర్టు అనుకోవచ్చు (92వ సెక్షన్). 'అనుకోవచ్చు' అంతే, అనుకుని తీరాలని లేదు. పైగా అది రాత ఎవరిదన్న దానికే, రాసింది నిజమా కాదా అన్నదానికి కాదు. పుస్తకం కొడుకు ఇంట్లో కాక మీ ఇంట్లో ఎందుకుందని తప్పక అడుగుతారు. తల్లి చివరి రోజుల్లో నాన్నమ్మే చూసుకుని, ఆవిడ పోయాక ట్రంకు పెట్టెతో సహా పంటు (గోదావరి దాటించే పడవ) మీద ఇవతలకి తెచ్చుకుందని మీ ఉత్తరం వెనక పేజీలో రాశారు కదా. ఆ ముక్క దావాలోనే రాయించండి.

బైబిల్ ఇంతవరకే. అది నాన్నమ్మ ఎవరి కూతురో చెబుతుంది, భూమి ఎవరిదో చెప్పదు. ముత్తాతగారి పేరు మీదున్న దస్తావేజు, ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ లావాదేవీల పత్రం), పాత అడంగల్ (సాగు, స్వాధీనం రాసే రెవెన్యూ రికార్డు) విడిగా తీయాలి. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌తో హక్కు తేలదు. దాని కోసం ఆఫీసు చుట్టూ తిరగకండి.

వాటా లెక్క తేలికే. 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం భార్యకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు సమానం, ఆడామగా తేడా లేదు. తర్వాత తల్లి వాటా కూడా ముగ్గురికీ సమానంగా వస్తుంది. మొత్తం మీద తలా మూడో వంతు, అంటే నాన్నమ్మకు 80 సెంట్లు. అందులో మీ నాన్నగారి తోబుట్టువులకూ భాగం ఉంటుంది. కట్నం మాటకి జవాబు 49వ సెక్షన్‌లోనే ఉంది: తండ్రి బతికుండగా బిడ్డకు ఇచ్చినదాన్ని వాటాలో మినహాయించకూడదు.

నన్ను ఆలోచనలో పెట్టింది 1982 నుంచి గడిచిన కాలం. ఉమ్మడి వాటాదారుడి స్వాధీనం మిగతావాళ్లకి వ్యతిరేకం కాదు. కానీ 'నీకు హక్కు లేదు' అని బాహాటంగా చెప్పి పన్నెండేళ్లు అనుభవిస్తే చిక్కే. ఆ రెండు బస్తాల బియ్యం మిమ్మల్ని ఇక్కడ కాపాడతాయి. ఎవరు తెచ్చేవారు, ఏ ఏడాది వరకు వచ్చాయి, చూసినవాళ్లెవరు, రాసి పెట్టుకోండి.

ఇబ్బందైన మాట ఒకటి. బైబిల్ కోర్టులో పెట్టడమంటే కుటుంబం ఎప్పటినుంచి క్రైస్తవులో తేదీలతో ఒప్పుకోవడం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధులకే. మీ ఇంట్లో ఎవరైనా ఎస్సీ సర్టిఫికెట్ మీద ఉద్యోగంలోనో చదువులోనో ఉంటే దావా వేసేముందే మీ లాయరుకి చెప్పండి. కోర్టులో ఒక మతం, మండలాఫీసులో మరో మతం రాసిన కాగితాలు రెండూ అవతలివాళ్ల చేతికి వస్తాయి.

భూమి ఉన్నచోటే, అంటే నరసాపురం కోర్టు పరిధిలో, భూమి పంచి ఇప్పించమని విభాగాల దావా వేయాలి. తండ్రి చేతిరాత గుర్తుపట్టగలిగిన మనిషి ఇప్పుడు పాలకొల్లు పెద్ద నాన్నమ్మగారొక్కరే. ఆవిడా వాటాదారే గనక అవతలివాళ్లు గట్టిగా అడుగుతారు, అయినా సరే. ఆవిడని కోర్టు మెట్లు ఎక్కించక్కర్లేదు. దావా నంబరు పడగానే, కమిషనర్‌ని ఇంటికి పంపి వాంగ్మూలం తీసుకోమని పిటిషన్ వేయించండి. ఆ రోజు బైబిల్ ఆవిడ ఒళ్లో పెట్టి, ఆ పేజీ ఆవిడ చేతే తీయించండి. కళ్లద్దాలు దగ్గర ఉండేట్టు చూడండి.